ఆవేశం మాటలు తక్కువున్న పేపరే నిఖార్సైన పేపరా? మీరేమంటరు

పానగల్ చెరువు:
మా ఊరి లైబ్రరీకి పిల్లగాండ్లు చందాలేసుకోని రెండు పేపర్లు తెప్పిద్దామనుకుంటున్నరు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివేటోళ్లే ఎక్కువ మా కాడ, ఏ పేపర్ తెప్పియ్యాలె అన్నదాని మీద చాన రోజుల సంది లొల్లి. ఒకడు ఈనాడు అంటడు, ఒకడు నమస్తే తెలంగాణ, ఒకడు వెలుగు, ఎవని పార్టీ వానిది ఇగ. నేను ఒక ఉపాయం చెప్పిన. ఒకటే సంఘటన పట్టుకోని అన్ని పేపర్లల ఆ వార్త ముందటేసుకుందాం, గుండె పిండే మాటలు, తిట్టే మాటలు, పొగిడే మాటలు ఎర్ర పెన్నుతోని గీద్దాం, గీతలు దేంట్ల తక్కువుంటె అది తెప్పిద్దాం అని. ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలిన వార్త తీసుకున్నం. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దిక్కు, సొరంగంల 14వ కిలోమీటర్ కాడ పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. శ్రీశైలం నీళ్లు మన నల్లగొండకు తెచ్చేటందుకు తవ్వుతున్నదే అది, 44 కిలోమీటర్ల సొరంగం.

గీతలు తక్కువున్న పేపర్ దొరికింది. పేరు చెప్పను, చెప్తే మళ్ల ఆ పేపర్ మీద లొల్లి మొదలైతది. నా వాదన ఒక్కటే, ఆవేశం తక్కువుంటె పక్షపాతం తక్కువున్నట్టే. కాదనేటోళ్లు ఎందుకు కాదో చెప్పుండ్రి.

జడ్చర్ల జంక్షన్:
అన్నా ఉపాయం మంచిగనే ఉంది గాని నాకు ఒక డౌటు. గీతలు తక్కువున్న పేపర్‌ల అసలు వార్తే ఎంతుండె? పక్కన అది కూడ రాసుకున్నరా? ఫస్ట్ వారం ప్రతి పేపర్ పేజీలకు పేజీలు నింపింది, చానళ్లయితే సొరంగం గ్రాఫిక్ వేసి యాంకర్‌ను అండ్లకే దింపినయ్. నెల దాటేసరికి బయటికొచ్చినయి రెండు మృతదేహాలే, మార్చి 9న ఒకటి, 25న ఒకటి. మిగిలిన ఆరుగురి సంగతి ఏ పేపర్ ఎన్ని రోజులు పట్టించుకుంది, లోపలి పేజీల సింగిల్ కాలమ్‌కు ఎప్పుడు తోసింది అన్నది నీ ఎర్ర పెన్నుకు దొరుకుతదా? రాయనోనికి గీతలు పడనే పడవు గదా.

ఇంకోటి, ఎనిమిది మంది మట్టి కింద ఉన్నప్పుడు "పాపం" అని రాస్తే తప్పేంది? వాళ్ల ఇంటోళ్ల ఏడుపు రాసుడు వేరు, ఆ ఏడుపు పట్టుకొని ఒక పార్టీ నెత్తిన పెట్టుడు వేరు. రెండు గీతలు ఒక్కటే లెక్కన ఎట్ల వేస్తవ్?

మాజీ డెస్క్:
నేను జిల్లా ఎడిషన్ డెస్క్‌ల చాన ఏండ్లు పని చేసిన (ఏ పేపరో అడగొద్దు). తమ్మీ, నువ్వు గీసినవి పైకి కనపడే మాటలు. "కన్నీరుమున్నీరు", "మృత్యుఘోష" ఇసొంటివి మండల విలేకరి పంపిన కాపీలనే వస్తయి, డెస్క్‌ల సగం కొట్టేస్తం. అసలు పని క్రియల కాడ జరుగుతది. ఒక లీడర్ ప్రెస్‌మీట్ పెట్టిండు అనుకో. అన్నారు, చెప్పారు అని రాస్తే ఏ గొడవ లేదు. మనోడు అయితే "స్పష్టం చేశారు", "గుర్తుచేశారు". అవతలోడు అయితే "ఆరోపించారు", ఇంకా గిట్టనోడైతే "బుకాయించారు", "అక్కసు వెళ్లగక్కారు". ఇప్పుడు చూడు, బుకాయించారు మీద నీ పెన్ను పడుతది. మరి స్పష్టం చేశారు మీద పడుతదా? పడదు, అండ్ల ఆవేశమే లేకపాయె. కాని ఆ ఒక్క క్రియతోని లీడర్ చెప్పింది నిజం అని పేపర్ సంతకం పెట్టేసింది. గుర్తుచేశారు అయితే ఇంకా ఘోరం, అది అందరికి తెలిసిన సంగతే, నువ్వే మర్చిపోయినవ్ అన్నట్టు.

సొరంగం వార్తలనే ఇంకోటి. "ఎవరి హయాంలో ఎంత" అని బాక్స్ ఐటమ్‌లు వచ్చినయి యాదికున్నదా? ఒక దిక్కోళ్లు కిలోమీటర్లు లెక్కపెడితే ఇంకో దిక్కోళ్లు కోట్లు లెక్కపెట్టిండ్రు. అంకెలు తప్పు కావు, ఒక్క విశేషణం కూడ లేదు, గీత పడే చాన్సే లేదు. కాని ఏ అంకె తియ్యాలె అన్నకాడనే పని అయిపోయింది.

మిర్యాలగూడ వడ్లు:
డెస్క్ సార్ చెప్పింది నిజం. నాకు సాగర్ గేట్ల సంగతి యాదికొస్తున్నది. 2023 నవంబర్ 29 రాత్రి, తెల్లారితే మన దగ్గర అసెంబ్లీ పోలింగ్, ఆంధ్రా పోలీసులు డ్యాం మీదికొచ్చి 26 గేట్లల 13వ గేటు దాక ముళ్లకంచె ఏసుకున్నరు, కుడి కాలువకు నీళ్లు ఇడిచిండ్రు. మా మేనమామోళ్లది మాచర్ల. ఆయన, నేను ఒకటే పేపర్ చదువుతం, ఆయనది ఆంధ్రా ఎడిషన్, నాది తెలంగాణ ఎడిషన్. ఫోన్‌ల ఇద్దరం పేజీల ఫొటోలు పంపుకుంటే నవ్వాల్నో ఏడ్వాల్నో అర్థం కాలె. ఇటు దౌర్జన్యం, అటు హక్కు. ఒకటే ఓనర్, ఒకటే మాస్ట్‌హెడ్, నదికి ఇవతల ఒక బాధ అవతల ఒక బాధ. మరి ఈ పేపర్‌కు నువ్వు ఎన్ని మార్కులేస్తవ్, రెండు ఎడిషన్లు కలిపేస్తవా, విడివిడిగనా?

మామయ్య మాత్రం ఒక మాటన్నడు. "అల్లుడూ, నీ పేపర్‌లో మా రైతు లేడు, నా పేపర్‌లో నీ రైతు లేడు" అని. ఎడమ కాలువ కింద నేను, కుడి కాలువ కింద ఆయన, ఇద్దరికీ ఆ ఏడు నీళ్లు కష్టమే. కేంద్రం నడుమ పడి 28వ తారీఖు ఎట్లుండెనో అట్ల పెట్టమన్నది, సీఆర్పీఎఫ్‌ను దింపింది. ఆ ముచ్చట రెండు ఎడిషన్లల ఒకటే తీరు వచ్చింది, అండ్ల గెలిచినోడు ఎవ్వడు లేడు గదా!

గులాబీ సైనికుడు 2.0:
ఇవన్నీ డ్రామాలు. ముందు నువ్వు ఏ పార్టీవో చెప్పు పానగల్. ఎర్ర పెన్ను అంటున్నవ్ కాబట్టి కామ్రేడ్‌వా?

వేదిక నిర్వాహకులు:
పార్టీ ప్రచారం, వ్యక్తిగత దాడి వద్దు. ఒక్కసారే చెప్తాం.

పానగల్ చెరువు:
పెన్ను ఎర్రదే దొరికింది బయ్, నీలిది పిల్లలు పట్కపోయిండ్రు.

జడ్చర్ల అన్న అడిగింది చెప్తా. వార్త పొడుగు రాసుకున్నం, నూరు పదాలకు ఎన్ని గీతలు అనే చూసినం. కాని రోజులు చూడలె, మొదటి వారం మటుకే. డెస్క్ సార్ చెప్పిన క్రియలు కూడ ఒక లిస్టు రాసి కలుపుతం. కాని అయ్యలారా, మీరందరు కలిసి "దేన్నీ కొలవలేం" అనే దిక్కు నన్ను తోస్తున్నరు. కొలత లేకపోతే చివరికి ఎవని గొంతు పెద్దగుంటె వాని పేపరే లైబ్రరీకి వస్తది. అర్ధం పర్ధం కొలతైనా కొలతే.

దేవరకొండ అక్క:
తమ్ముడూ, కొలతే లేదంటలేను, నువ్వు కొలిచేది జ్వరం, రోగం కాదు అంటున్న. 1996 ఎలక్షన్ సంగతి నీకు తెలుసో లేదో, నువ్వప్పటికి పుట్టి ఉండవు. నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది పోటీ చేసిండ్రు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంకరపోతున్నయి, మాకు కృష్ణా నీళ్లియ్యుండ్రి, మా దిక్కు చూడుండ్రి అని జలసాధన సమితి వాళ్లు ఊరూరికి తిరిగి నామినేషన్లు ఏయించిండ్రు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పెట్టాల్సొచ్చింది.

ఇప్పుడు నువ్వు ఎక్కడన్న చదువు, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పేపర్లల, వెబ్‌సైట్లల "మీకు తెలుసా", "ఎన్నికల వింతలు" అని ఇది వస్తది. 480 అంకె ఉంటది, పుస్తకమంత బ్యాలెట్ ఉంటది. ఫ్లోరైడ్ అన్న మాట చానసార్లు ఉండనే ఉండదు. ఉన్నా చివరి లైన్ల ఉంటది. నీ పెన్నుతోని గీయి, సున్నా గీతలు. ఎవర్నీ తిట్టలె, ఎవర్నీ పొగడలె, తప్పు అంకె లేదు. మర్రిగూడ, నాంపల్లి దిక్కు మనుషులు కాళ్లు చాపలేక నేల మీద దేక్కుంటు చేసిన పోరాటం మాత్రం ఒక క్విజ్ ప్రశ్న అయిపోయింది. నీ గ్రూప్స్ పిల్లగాండ్లు కూడ అట్లనే బట్టీ కొడుతున్నరు కావొచ్చు, అడిగి చూడు, 480 ఎందుకు అని.

ఆ రోజులల్ల గుండె మండి రాసిన విలేకర్లు ఉన్నరు, వంకరపోయిన కాళ్ల ఫొటోలు మొదటి పేజీకి ఎక్కించినోళ్లు. వాళ్ల కాపీ నిండ ఆవేశమే. నీ లెక్కల వాళ్లు ఫెయిల్, వింతల కాలమ్ పాస్.

పాలమూరు లేబర్:
అక్క మాటకు దండం. ఇంకో తీరు కూడ ఉంది, జాలి. "వలసల జిల్లా", "కరువు నేల", "వెనుకబడ్డ పాలమూరు", మా జిల్లా పేరు ముందట ఈ ముక్క లేకుండ ఏ పేపరన్న రాస్తదా? మా తాతలు దేశమంత తిరిగి డ్యాములు కట్టిండ్రు, మట్టి పని అంటె పాలమూరు లేబర్ అని పేరు. ఇప్పుడు మా నల్లమలల సొరంగం తవ్వనీకె జార్ఖండ్ నుంచి, యూపీ నుంచి, పంజాబ్ నుంచి, కశ్మీర్ నుంచి మనుషులొచ్చిండ్రు. ఆ ఎనిమిది మందిల నలుగురు జార్ఖండోళ్లే. మన పేపర్లల వాళ్లు "ఎనిమిది మంది" అంతే, నల్లగొండ నీళ్లు ఎప్పుడొస్తయి అన్నది పెద్ద వార్త, మనిషి చిన్న వార్త. ఒకప్పుడు మా తాతలు వేరే రాష్ట్రంల చచ్చిపోతే అక్కడి పేపర్లు గూడ గిట్లనే రాసి ఉంటయి. పక్షపాతం అంటె ఒక్క పార్టీలదేనా?

లగచర్ల కూడ చూడుండ్రి. 2024 నవంబర్ 11, కొడంగల్ కాడ, భూములు తీసుకునే ముచ్చట మీద కలెక్టర్ వస్తే ఊరోళ్లు మీదికి పోయిండ్రు. సగం పేపర్లకు అది దాడి, సగం పేపర్లకు తిరుగుబాటు. నెల తిరగకముందే ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్ సర్కారే వాపస్ తీసుకుంది. దాడి అని రాసినోళ్లు ఆ వాపస్ వార్త ఎంత సైజుల వేసిండ్రు, తిరుగుబాటు అని రాసినోళ్లు కలెక్టర్ మీదికి పోయిన ముచ్చట ఎన్నో పేరాల రాసిండ్రు, గదే నా కొలత.

కోడర్ వనపర్తి:
నేను టెక్నికల్‌గ ఒక మాట. ఇదే పని కంప్యూటర్‌తోని చేద్దామని నేను ట్రై చేసిన, సెంటిమెంట్ అనాలిసిస్ అంటరు, ప్రతి మాటకు ప్లస్ మైనస్ మార్కులు. తెలుగుల పెద్ద కష్టం ఏందంటె వార్తనే మైనస్ ఉంటది. మృతి, కరువు, ప్రమాదం, అప్పు, ఇవి ఉన్న ప్రతి వార్తను ఆవేశం ఉన్న వార్త అని చూపెట్టింది, ఆర్టీసీ బస్సు లోయల పడ్డదని ఏ ఆవేశం లేకుండ రాసినా సరే. అదే "అభివృద్ధి ప్రదాత" అని జాకెట్ యాడ్ (మొదటి పేజీ మొత్తం కప్పే యాడ్) పెట్టినట్టు రాసిన ఐటమ్‌కు ఫుల్ మార్కులు! ఇంక వెటకారం అయితే అస్సలు దొరకదు, "మహా గొప్పగా కట్టారు" అంటె మెచ్చుకున్నట్టు చూస్తది.

అమెరికాల ఆల్‌సైడ్స్ అనే సైట్ ఉంది, ప్రతి పేపర్‌ను లెఫ్ట్, సెంటర్, రైట్ అని పెడతది. మన కాడ అది నడవదు. లెఫ్ట్ అంటె నవతెలంగాణ ఒక్కటి తెలుస్తది, మిగతాదంత ఓనర్, పార్టీ, కాంట్రాక్ట్, కులం, యాడ్ అన్నీ కలిసి ఉంటయి. పైగా ఓనర్ పార్టీ మారుతడు. వెలుగు, వీ6 వెనకున్న వివేక్ వెంకటస్వామి 2023 నవంబర్‌ల బీజేపీ నుంచి కాంగ్రెస్‌కు వచ్చిండు. ఆ నెల ముందటివి, ఆ నెల తర్వాతివి సంచికలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి, మారిందో లేదో మీకే తెలుస్తది, నేను చెప్పను.

మాజీ డెస్క్:
యాడ్ అన్నవ్ కాబట్టి చెప్తున్న. మండల విలేకరికి జీతం అంటూ పెద్దగేం ఉండదు, లైన్ అకౌంట్ అంటరు, అచ్చయిన లైన్ల లెక్కన పైసలు, అదీ కొందరికే. కాని ఆగస్టు 15కు, లీడర్ బర్త్‌డేకు యాడ్ టార్గెట్ ఉంటది. టార్గెట్ ఎవరిస్తరు? ఎమ్మెల్యే, సర్పంచ్, రైస్ మిల్లు, ప్రైవేట్ స్కూల్. ఇగ వాళ్ల మీద వార్త ఎట్ల రాస్తడు? పక్షపాతం అని మీరు హైదరాబాద్ దిక్కు చూస్తున్నరు, నేను అయితే జిల్లా ఎడిషన్ తీయమంట. మెయిన్ పేజీల ముఖ్యమంత్రిని ఉతికి ఆరేసిన పేపర్ జిల్లా పేజీల లోకల్ మిల్లర్ పేరు రాయనీకె జంకుతది, "ఓ మిల్లు యజమాని" అంటది.

మిర్యాలగూడ వడ్లు:
సార్ ఆ చివరి ముక్క మా ఊర్ల గట్టిగ చదువొద్దు 😄 వడ్లు తరుగు తీసినప్పుడు ప్రతిసారి "ఓ మిల్లు"నే.

పానగల్ చెరువు:
సరే, పిల్లగాండ్లతోని మాట్లాడిన. ఎర్ర పెన్ను బంద్ పెట్టం, అది నా మాట. కాని దాని పక్కన మూడు కాలమ్‌లు గీస్తున్నం: లీడర్ ఎవరు ఏ క్రియ, వార్త ఎన్నో రోజు దాక నడిచింది, జిల్లా పేజీల ఎవరి పేరు దాచిండ్రు. దేవరకొండ అక్క అన్న 480 ముచ్చట అడిగితే ఆరుగురిల ఒక్కనికే తెలుసు ఎందుకో, వాని అమ్మమ్మది మర్రిగూడనంట.

పేపర్లు మటుకు రెండే, పైసలు అంతకే వస్తయి. సర్కారును మోసేది ఒకటి, సర్కారును తిట్టేది ఒకటి తెప్పిద్దాం అని మెజారిటీ. నాకు ఇష్టం లేదు, రెండు అబద్ధాలు కలిపితే నిజం అయితదా?

జడ్చర్ల జంక్షన్:
కాదు గాని, ఒకడు దాచింది ఇంకోడు రాస్తడు కదనే. ఇద్దరు కలిసి దాచేది మిల్లు ఓనర్‌నే 😄 దానికి మీ ఊర్ల చాయ్ హోటలుంది. తెప్పియ్యి అన్నా, వచ్చే నెల మీ మూడు కాలమ్‌ల పేజీ ఇక్కడ ఫొటో పెట్టు, పేపర్ల పేర్లు తీసేసి. ఏది ఏ పేపరో మేము కనిపెడతమో లేదో చూద్దాం.