అప్‌డేట్: మొదటి పుస్తకానికి డబ్బు కట్టాలా అని అడిగాను కదా

కథల సంపుటికి 500 కాపీలు, 70 వేలు, 'అన్నీ మేమే చూసుకుంటాం' అన్న పబ్లిషర్లకి డబ్బు కట్టాలా వద్దా అని ఆర్నెల్ల కింద అడిగాను. కట్టలేదు. మీరు చెప్పినట్టే అనంతపురంలోనే డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), ప్రింటింగ్ నేనే చూసుకున్నాను. 300 కాపీలే వేయించాను.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరుకి, ఆ పబ్లిషర్లు విడిగా 3 వేలు అడిగారు. తీరా చూస్తే కేంద్ర ప్రభుత్వ రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది! ఆన్‌లైన్‌లో అప్లై చేసుకున్నాను, వచ్చింది.

అసలు టెన్షన్ ప్రూఫులతో. ఫోన్లో, నెట్‌లో మామూలుగా వాడే యూనికోడ్‌లో టైప్ చేసిందాన్ని డీటీపీవాళ్లు వాడే 'అను' ఫాంట్‌లోకి మారిస్తే వత్తులు ఎగిరిపోయాయి. అది సర్దేలోపు ప్రూఫ్ చూసినాయన మా అవ్వ పాత్ర మాటల్ని 'శుద్ధి' చేశాడు. 'యాడికి' కనిపించిన ప్రతిచోటా 'ఎక్కడికి' అని ఒకేసారి మార్చేశాడు. మా తాడిపత్రి పక్కన యాడికి అనే ఊరుందని ఆయనకేం తెలుసు? దాంతో కథలో మా రామప్ప 'తాడిపత్రిలో ఎక్కడికి బస్సెక్కి' వెళ్లాడు. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. 140 పేజీలూ మళ్లీ మొదట్నుంచి, పెన్సిల్ పట్టుకుని చదివాను. అదే మంచిదైంది, ఇంకో పాతిక తప్పులు దొరికాయి.

అమ్మకమే కష్టం. షాపువాళ్లు 40 శాతం కమీషన్ అడుగుతున్నారు, డబ్బేమో పుస్తకాలు అమ్ముడయ్యాకే ఇస్తారట. ఇప్పటికి 112 అమ్ముడుపోయాయి, అందులో సగం చుట్టాలకే. మిగతావి మంచం కింద ఉన్నాయి. కాపీ కావాలంటే మెసేజ్ పెట్టండి, పోస్టు ఖర్చు నాదే.