జీడితోట నుంచి ఇంటికి వీడియో: లోరా మాడ్యూల్ సరిపోతుందా?

ప్రశ్న (కంచిలి, శ్రీకాకుళం జిల్లా)

మా జీడితోట ఇంటికి ఏడు వందల మీటర్ల దూరంలో ఉంది, మధ్యలో కొబ్బరితోటలు ఉన్నాయి. పిక్కలు ఏరే కాలంలో మా అమ్మ, ఇద్దరు కూలీలు తెల్లవారకముందే తోటకు బయలుదేరతారు. ఉద్దానంలో ఎలుగుబంట్ల సంచారం ఎలాంటిదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తోటలో ఫోన్ సిగ్నల్ అందదు. నా దగ్గర ఈఎస్‌పీ32 కెమెరా బోర్డు ఒకటి, 866 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే ఎస్‌ఎక్స్ 1276 లోరా (తక్కువ కరెంటుతో దూరానికి రేడియోలో సమాచారం పంపే) మాడ్యూళ్లు రెండు ఉన్నాయి. వీటితో తోటలోని దృశ్యాన్ని ఇంట్లోని తెర మీద వీడియోగా చూడవచ్చా? వీలుకాకపోతే 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఎన్‌ఆర్‌ఎఫ్24 రేడియో మాడ్యూళ్లు కొనమంటారా? దయచేసి తెలియజేయగలరు.

జవాబు (విజయనగరం)

ముందు లెక్క చూద్దామండి. 320×240 చుక్కల బొమ్మకు, చుక్కకు రెండు బైట్ల చొప్పున, 1,53,600 బైట్లు, అంటే 12,28,800 బిట్లు అవుతాయి. లోరాను 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో, సాధారణంగా వాడే వాటిలో అత్యంత వేగమైన ఎస్‌ఎఫ్7 అమరికలో (ఎస్‌ఎఫ్ అంటే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్; ఆ అంకె పెరిగేకొద్దీ దూరం పెరిగి వేగం తగ్గుతుంది) నడిపినా సెకనుకు దాదాపు 5,470 బిట్లే వెళతాయి. అంటే ఆ ఒక్క బొమ్మకే మూడు నిమిషాల నలభై సెకన్లకు పైగా పడుతుంది. మీ బోర్డు మీది ఓవీ2640 కెమెరా బొమ్మను తానే జేపెగ్‌గా కుదించి ఇస్తుంది కనుక అది ఆరు వేల బైట్లకు తగ్గిందనుకున్నా, సెకనుకు పది బొమ్మల వీడియోకు 4,80,000 బిట్లు కావాలి. అది లోరా మోయగలిగిన దానికి దాదాపు తొంభై రెట్లు. ప్రోగ్రామును ఎంత చక్కగా రాసినా ఈ తేడా పూడదు.

అయితే, మీ అమ్మగారు బయలుదేరే ముందు తెలియవలసింది తోటలో జంతువు ఉందా లేదా అన్నదే గదా. అందుకు వీడియో అక్కరలేదు; కదలిక కనిపించినప్పుడు తీసిన ఒక్క నిశ్చల చిత్రం చాలు. దాన్ని ఎస్‌ఎఫ్7లో పది సెకన్ల చిల్లరలో పంపవచ్చు. ఎస్‌ఎఫ్12కు వెళితే దూరం పెరుగుతుంది గాని, అదే చిత్రానికి రెండున్నర నిమిషాలు దాటుతుంది.

జవాబు (పలాస)

ఎన్‌ఆర్‌ఎఫ్24 సంగతి నేను చెబుతాను. అది సెకనుకు 250 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్ల దాకా పంపుతుంది గాని, ఒక్కో ప్యాకెట్‌లో, అంటే ఒకసారి పంపే ముక్కలో, 32 బైట్లే పడతాయి. అదనపు యాంప్లిఫైయర్ ఉన్న రకానికి అట్టపెట్టె మీద రాసిన దూరం ఖాళీ మైదానానికి వర్తిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆకులు, ముఖ్యంగా వాన తడి ఉన్నవి, 866 మెగాహెర్ట్జ్ తరంగాల కంటే ఎక్కువగా పీల్చుకుంటాయి. మీ దారి నిండా చెట్లే కనుక నేనైతే ఆ ఖర్చు పెట్టను.

యాంటెనా ఎత్తు విషయంలో శ్రద్ధ పెట్టండి. ఏడు వందల మీటర్ల దారికి 866 మెగాహెర్ట్జ్‌లో ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెనాల మధ్య తరంగాలకు అడ్డు లేకుండా ఉండాల్సిన కోడిగుడ్డు ఆకారపు జాగా) వ్యాసార్ధం మధ్యలో దాదాపు ఎనిమిది మీటర్లు ఉంటుంది, అంతా ఖాళీగా దొరకడం మన తోటల్లో అసాధ్యం. కొబ్బరితోటలో మట్టల ఎత్తున కట్టడం కంటే, మట్టల కింద మొద్దులు మాత్రమే అడ్డుండే ఎత్తున కట్టడం నయం. జీడిచెట్టు కొమ్మలు నేలను తాకేలా పరుచుకుంటాయి గనుక అక్కడ మాత్రం కొమ్మల పైకి గొట్టం నిలపాలి. 865–867 మెగాహెర్ట్జ్‌ను మన దేశంలో 2005 లోనే లైసెన్సు అవసరం లేకుండా వదిలారు, మీ మాడ్యూల్‌ను ఆ పరిధి దాటనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. నిశ్చల చిత్రమే పంపుతాను. మధ్యలో ఒక ప్యాకెట్ పోతే మొత్తం మళ్లీ పంపాలా? చీకట్లో ఎలుగు కనిపిస్తుందా?

జవాబు (విజయనగరం)

మామూలు జేపెగ్‌లో ప్రతి భాగం దాని ముందున్న దాని మీద ఆధారపడుతుంది కనుక ఒక ముక్క పోతే కిందిదంతా చెడుతుంది. ఎత్తైన బెలూన్ల నుంచి చిత్రాలు పంపే అభిరుచిపరులు ఇందుకే ఎస్‌ఎస్‌డీవీ అనే పద్ధతిని వాడతారు. అందులో ప్రతి ప్యాకెట్ విడిగా విప్పుకోగలిగేలా ఉంటుంది. ఒకటి పోతే బొమ్మలో ఆ పట్టీ మాత్రమే ఖాళీగా మిగులుతుంది. ప్యాకెట్లకు వరుస సంఖ్యలు వేస్తే, అందని వాటిని మాత్రమే ఇంటి వైపు మాడ్యూల్ తిరిగి అడగగలదు.

చీకటికి ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని వెలుగు) వడపోత లేని లెన్సు, ఆ వెలుగునిచ్చే 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు కావాలి. ఒంటి వేడిని బట్టి కదలికను పట్టే పీఐఆర్ సెన్సార్‌కు సాధారణంగా ఏడు మీటర్లకు మించి అందదు. ఎండ ముదిరి పరిసరాల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరపడితే అదీ తగ్గుతుంది. కాబట్టి తోట మొత్తానికి ఒక్క కెమెరా కాపలా కాయలేదు. బొమ్మ రాలేదు గనుక ఎలుగు లేదని ఇంట్లో ఎవరూ అనుకోకూడదు, ఈ మాట అమ్మగారికి మీరే ముందుగా చెప్పండి. గుంపుగా, టార్చీలతో, చప్పుడు చేస్తూ వెళ్లడం మానకూడదు.

మొదట ఎస్‌ఎఫ్9 పెట్టి, 160×120 చుక్కల చిన్న చిత్రాన్ని పంపించండి. రెండు వేల బైట్లలో ఇమిడితే పది సెకన్లలో వచ్చేస్తుంది. అందులో నల్లటి ఆకారం కనిపించినప్పుడు మాత్రమే ఇంటి నుంచి మీట నొక్కి పెద్ద చిత్రాన్ని అడిగేలా రాయండి. ప్రోగ్రాములో ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే పెట్టండి, చూస్తాను.