ఇత్తడి చెంబు మీద గ్రిల్ చారలు పడుతున్నాయి, కిటికీ వెలుగులో ఎలా తీయాలి?

చెంబు_చిత్రం:
ఇత్తడి చెంబు, ముందు మూడు బంగినపల్లి పండ్లు, వెనక ఇటుక రంగు గోడ. బల్ల తూర్పు కిటికీకి రెండడుగుల దూరంలో ఉంది. కిటికీ నాలుగడుగుల చదరం, గ్రిల్ ఉంది. ఏపీఎస్-సీ (మధ్యరకం సెన్సర్) కెమెరా, 50 ఎంఎం లెన్సు, లెన్సు రంధ్రం ఎఫ్/2.8, వెలుగును పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 100, షట్టర్ 1/250 సెకను, చేత్తో పట్టుకునే తీశాను. టైము పొద్దున తొమ్మిది. గది వైపు నీడ తగ్గుతుందని ట్యూబ్‌లైటు కూడా వేశాను.

చెంబు పొట్ట మీద ఊచలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. కిటికీ పక్క బంగారంలా ఉంది, గది పక్క నలుపు, అందులో కొంచెం పాకుడు రంగు. పండ్లు బాగానే వచ్చాయి, చెంబు అంచు మాత్రం మసక. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) కొంటే చారలు పోతాయా?

ఉత్తరపు_గది:
పోలరైజర్‌కి డబ్బు పెట్టకండి. మామిడి తొక్క మీద, వార్నిష్ వేసిన బల్ల మీద మెరుపును అది తగ్గిస్తుంది. వట్టి లోహం మీది ప్రతిబింబం జోలికి పోదు.

ముందు ట్యూబ్‌లైటు ఆపేయండి. పాకుడు రంగు దానిదే. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌ది ఇంకో రంగు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగు సర్దడం) ఒకదానికి సరిచేస్తే రెండోది చెడుతుంది. రా ఫైల్ (కెమెరా దిద్దకుండా దాచే ఫొటో) తీసినా ఇది పోదు, ఎందుకంటే రెండు రంగులూ ఒకే చెంబు మీద ఉన్నాయి. ట్యూబ్ ఆపాక, చెంబు ఉన్న చోటే గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీసుకుని దాన్నిబట్టి రంగు సరిచేయండి. తెల్ల కాగితం వద్దు, చాలా కాగితాల్లో నీలపు ఛాయ ఉంటుంది. కిటికీ బయట వేపచెట్టో, పక్కింటి ఆకుపచ్చ గోడో ఉన్నా ఆ రంగు లోపలికి వస్తుందని గుర్తుంచుకోండి.

ఇక టైము. తొమ్మిదింటికి తూర్పు కిటికీలో నేరుగా ఎండ వస్తుంది. అదే కిటికీ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆకాశాన్ని మాత్రమే చూస్తుంది, అప్పుడు తీయండి. ఉత్తరపు కిటికీలో ఎప్పుడూ ఎండ రాదని ఎక్కడైనా చదివితే అది చలిదేశాల వాళ్ల లెక్క. హైదరాబాదులో మే 9 ప్రాంతం నుంచి ఆగస్టు 3 ప్రాంతం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. మధ్యాహ్నం ఎండను సజ్జ ఆపుతుంది గానీ, ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఏటవాలుగా లోపలికి వచ్చేదాన్ని ఆపలేదు.

చారలకు ట్రేసింగ్ పేపర్. ఇంజనీరింగ్ డ్రాయింగ్ సామాన్లు అమ్మే చోట చుట్టగా దొరుకుతుంది. గ్రిల్‌కి మాత్రం అంటించకండి, ఊచలు కాగితం మీద గీతల్లా దిగుతాయి. గ్రిల్‌కి అడుగు ఇవతల తాడు కట్టి వేలాడదీస్తే ఆకాశపు వెలుగులో ఆ గీతలు కరిగిపోతాయి. ఎండ నేరుగా పడుతుంటే అడుగు దూరం కూడా చాలదు, అంత దూరంలోనూ ఊచల నీడ పదునుగానే పడుతుంది. అందుకే ఎండ తప్పుకున్నాకే మొదలుపెట్టమంటున్నాను. కాగితం లేకపోతే ఉతికిన తెల్ల పంచె చాలు. పసుపు మరకలున్నది వద్దు.

నల్లచార్టు:
పైన చెప్పినవన్నీ సరే. కానీ ట్రేసింగ్ పేపర్ కట్టి ఊరుకుంటే రేపు మళ్లీ ఇక్కడికే వస్తారు, చెంబు పొట్ట మీద తెల్లటి పెద్ద మచ్చ పడిందని. చెంబు గుండ్రంగా ఉండటం వల్ల గదిలో సగానికి పైగా దానికి కనిపిస్తుంది. కిటికీ, కాగితం, కెమెరా, మీ చొక్కా, అన్నీ అందులో పడతాయి. ఇత్తడి ఇత్తడిలా కనిపించాలంటే వెలుగు పక్కనే నలుపు కూడా ఉండాలి. అన్ని వైపులా తెలుపే ఉంటే పసుపు ప్లాస్టిక్ డబ్బాలా వస్తుంది.

నల్ల చార్టును రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కోసి, చెంబుకు రెండు పక్కలా, ఫ్రేములోకి రాకుండా ఎంత దగ్గరికి వీలైతే అంత దగ్గర నిలబెట్టండి. లెన్సు ఉన్న చోట కన్ను పెట్టి పట్టీని అరంగుళం చొప్పున జరపండి. చెంబు అంచు వెంట సన్నటి నల్ల గీత పుట్టడం కనిపిస్తుంది. అది గోడ నుంచి చెంబును విడదీస్తుంది. మెడ దగ్గర వంపులో ఆ గీత తెగిపోతే పట్టీ పొడవు చాలలేదన్నమాట.

గది వైపు నలుపు తగ్గడానికి, వెలుగును తిప్పికొట్టే తెల్ల థర్మోకోల్ షీటు, రెండడుగుల ముక్క, చెంబుకు అడుగున్నర దూరంలో. అద్దం వద్దు, అది రెండో సూర్యుడిలా తగులుతుంది. ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగ్‌లో పండు వెలుగు వైపూ నీడ వైపూ కొలవండి. తేడా రెండు స్టాపుల దగ్గర ఉంటే చాలు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). అంతకన్నా తగ్గిస్తే పండు గుండ్రదనం పోతుంది. నీడ ఉండాలండీ, దాన్ని పూర్తిగా చంపేయకండి.

కిటికీ కెమెరాకు సరిగ్గా తొంభై డిగ్రీల పక్కన కాకుండా కొంచెం వెనగ్గా ఉండేలా బల్ల తిప్పండి. గడియారం ముల్లుతో చెప్పాలంటే చెంబు మధ్యలో, మీరు ఆరు దగ్గర, కిటికీ పది దగ్గర. కిటికీ కింది సగానికి దుప్పటి కడితే వెలుగు పైనుంచి దిగుతుంది, పండ్ల కింద నీడ బరువుగా కూర్చుంటుంది.

చెంబు_చిత్రం:
ట్యూబ్ ఆపి, మధ్యాహ్నం తీశాను. చారలు పోయాయి, పట్టీలు అద్భుతం. కానీ కాగితం కట్టాక వెలుగు తగ్గింది, చెంబు పొట్టలో నా నీలం చొక్కా దిగింది. అంచు ఇంకా మసకే.

మూడుకాళ్లు:
మసకకు కారణం ఎఫ్/2.8, అంటే లెన్సు రంధ్రం బాగా పెద్దది; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మూడడుగుల దూరం నుంచి 50 ఎంఎంతో ఎఫ్/8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు సుమారు 10 సెంటీమీటర్లు, ఎఫ్/11 దగ్గర 14. ఎఫ్/2.8 దగ్గరైతే మూడున్నరే. పండ్లూ చెంబూ కలిపి అంతకన్నా లోతుంటే ఎఫ్/11 పెట్టండి. ఎఫ్/22కి పోకండి, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఫోకస్ ముందరి పండు మీద కాకుండా, పండుకూ చెంబు అంచుకూ మధ్య ఎక్కడో పెట్టండి.

కాగితం ఒకటి, ఒకటిన్నర స్టాపు తింటుంది. ఎఫ్/11, ఐఎస్ఓ 100 దగ్గర అర సెకను పడితే ఆశ్చర్యపోకండి. పండ్లు కదలవు కదా, ఐఎస్ఓ పెంచాల్సిన పనే లేదు. ట్రైపాడ్ తప్పదు. లెన్సులో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపండి, ఫ్యాన్ కూడా ఆపండి, ట్రేసింగ్ పేపర్ ఊగితే చెంబు మీద వెలుగు ఊగుతుంది. మాన్యువల్ మోడ్‌లో ఉన్నారు కాబట్టి మబ్బు పడ్డప్పుడల్లా హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల గ్రాఫు) చూడండి. చెంబు మీద చిన్న మెరుపు చుక్క తెల్లగా పోయినా ఫరవాలేదు, అరచేతి మేర పోతే షట్టర్ వేగం పెంచాలి.

చొక్కాకు పది సెకన్ల టైమర్ పెట్టి పక్కకు తప్పుకోండి. ట్రైపాడ్ మీద నల్ల గుడ్డ కప్పి లెన్సు మాత్రం బయటికి ఉంచండి. చెంబులో అది నల్ల పట్టీల్లో కలిసిపోతుంది. వీలైతే ఇంకో రెండడుగులు వెనక్కి జరిగి, తర్వాత క్రాప్ చేసుకోండి. ప్రతిబింబం చిన్నదవుతుంది, స్పష్టమైన లోతు కూడా కాస్త పెరుగుతుంది.

ఇంకొకటి. చింతపండుతో తోమాక ఆరేదాకా ఉంచకండి, నీటి చుక్క ఆరిన చోట వలయం పడుతుంది. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఆపై చెంబును గుడ్డతోనే పట్టుకోండి. వేలిముద్ర తెరమీద వంద శాతానికి పెంచి చూసేదాకా కనిపించదు.