చాట్‌లో పంపిన 6,000 నా ఖాతాలో కట్ అయింది, అవతల పడలేదు

చాటింగ్ యాప్‌లోనే ఉండే యూపీఐతో తమ్ముడికి శనివారం రాత్రి 9:42కి 6,000 రూపాయలు పంపాను. పిన్ కొట్టాక చక్రం తిరిగీ తిరిగీ ‘ప్రాసెసింగ్’ దగ్గర ఆగింది. నా ఖాతాలో కట్ అయింది. ఇవాళ ఆరో రోజు, తమ్ముడి ఖాతాలో ఇంకా పడలేదు. ఐడీ తప్పు కాదు, పిన్ కొట్టే ముందు తమ్ముడి పేరే కనిపించింది. పోయిన నెల ఇదే ఐడీకి పంపితే వెంటనే వెళ్లింది.

మర్నాడు చాట్‌లో ఆ పేమెంట్ మీద నొక్కి, 12 అంకెల యూటీఆర్ (ఆ లావాదేవీ నంబరు) కాపీ చేసుకుని యాప్‌లోనే కంప్లయింట్ పెట్టాను. మూడో రోజుకి స్టేటస్ ‘సక్సెస్’ అని మారింది, కంప్లయింట్ మూసేశారు. చిక్కంతా ఇక్కడే. ‘ఫెయిల్’ అని ఉంటే రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం మర్నాటికల్లా డబ్బు వెనక్కి రావాలి, ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు అడగొచ్చు. మా బ్యాంకు మాత్రం ‘డీమ్డ్ అప్రూవ్డ్’ అంటోంది, అంటే అవతలి బ్యాంకు నుంచి జవాబు రాలేదు, జమ చేయాల్సింది వాళ్లేనట. తమ్ముడి బ్రాంచిలోనేమో ఆ యూటీఆర్‌తో ఎంట్రీయే లేదంటున్నారు. రెండు స్టేట్‌మెంట్లూ తీసి చూశాం, రివర్సల్ కూడా లేదు.

(గూగుల్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లు చెప్పకండి, వాటిలో దొంగ నంబర్లే ఎక్కువ.)

ఇలా డీమ్డ్‌లో ఇరుక్కున్న డబ్బుకి నా బ్యాంకు చేత చార్జ్‌బ్యాక్ (అవతలి బ్యాంకు నుంచి డబ్బు వెనక్కి అడిగే క్లెయిమ్) వేయించాలా, తమ్ముడు తన బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలా? మీలో ఎవరికైనా ఏ దారిలో వచ్చింది?