విజయవాడ వన్ టౌన్‌ను దగ్గరుండి నడిపించి చూపేవారున్నారా?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చిన నాకు దుర్గగుడి, ప్రకాశం బ్యారేజీ తప్ప మరేమీ తెలియదు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన గ్రీటర్ల పద్ధతిలో, స్థానికులే రుసుము తీసుకోకుండా తమ పేటను చూపించే ఏర్పాటు ఇక్కడ సాధ్యమేనా?

మొదటి జవాబు:
తప్పక సాధ్యమేనండీ. తాతల కాలం నుంచి వన్ టౌన్‌లోనే ఉంటున్నాం కనుక ఆదివారం నేనే చూపిస్తాను. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బయలుదేరి, హమాలీలు బస్తాకు కొక్కెం తగిలించి ఒక్క ఊపులో వీపు మీదికి ఎత్తుకునే తీరును, సందుల్లోని పాత మేడల చెక్క తలుపుల నగిషీని తీరిగ్గా చూస్తూ గాంధీ కొండ వరకు వెళ్దాం. కొండపై స్తూపాన్ని 1968లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ ఆవిష్కరించారు.

రెండవ జవాబు:
ఆరుగురికి మించి వెళ్లకండి. సందులు ఇరుకు, పైగా గుంపు పెరిగితే మాట వినబడదు. ఇళ్లవాళ్లను అడగకుండా ఫోటోలు తీయడం నా దృష్టిలో తప్పు. మరో వారం బందరు రోడ్డులోని మ్యూజియం వైపు నేను తీసుకువెళ్తాను. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపింది బెజవాడలోనే కదా!

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఆదివారం ఉదయం ఆరింటికి మార్కెట్ దగ్గర ఉంటాను. మా అమ్మగారు కూడా వస్తారు, నెమ్మదిగా నడుద్దాం.