నర్సమ్మ పాపను ఇప్పిస్తనంటున్నది, తీస్కోవచ్చునా?

దేవరకొండ_అక్క:
అందరికి నమస్తే. మాది దేవరకొండ పక్కన ఊరు, పెండ్లయ్యి పదకొండేండ్లు, పిల్లలు లేరు. హైదరాబాద్‌ల రెండుసార్లు ఐవీఎఫ్ చేయించినం, దానికోసం ఎకరం అమ్మినం, కాలే. ఇంక నా ఒంట్ల శక్తి లేదు, మా ఆయన కూడ ఇగ చాలు అన్నడు. ఇప్పుడు సంగతేందంటే ఒక ప్రైవేటు దవాఖానల పనిచేసే నర్సమ్మ మాకు తెలుసు, పోయినవారం ఫోన్ చేసి, పదహారేండ్ల అమ్మాయి ఉన్నది, పెండ్లి కాలే, ఎనిమిదో నెల, ఇంటోళ్లు పరువు పోతదని ఎవ్వరికి తెల్వకుండ ఉంచిన్రు, పుట్టంగనే మీ చేతుల పెడ్తం, మూడు లక్షలు ఇస్తే బర్త్ సర్టిఫికెట్ల కూడ మీ పేర్లే రాపిస్త అన్నది. మా అత్తమ్మ దేవుడే పంపిండు అంటున్నది. నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలె, రాత్రి నిద్ర పట్టక పాత నూలు చీరలు బయటికి తీసి బొంతకు ఏవి మెత్తగుంటయా అని చూస్కుంట కూసున్న. కాని లోపల గుబులైతాంది. ఆ అమ్మాయి ఇష్టంతోటే ఇస్తున్నదా అని అడిగితే నర్సమ్మ అదంత మీకెందుకు అన్నది. సర్కారు పద్ధతిల దత్తత తీస్కున్నోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి. నాకు 36, ఆయనకు 41, మాకు ఇస్తరా అసలు?

మిర్యాలగూడ_తమ్ముడు:
అక్కా మా చిన్నాయనోళ్లు ఇరవై ఏండ్ల కింద గట్లనే తెచ్చుకున్నరు, ఏం కాలే, పిల్ల ఇప్పుడు బీటెక్ చదువుతున్నది. సర్కారుల పెట్టుకుంటే ఏండ్లకేండ్లు ఆగాలె అంటరు. మీ బాధ చూస్తే నాకైతే తీస్కొమ్మనే అనిపిస్తున్నది.

పాలమూరు_అమ్మ:
తీస్కోకు చెల్లె. నేను కూడ అదే ఆశల పడి లేచినదాన్ని, అందుకే చెప్తున్న. మాది మహబూబ్‌నగర్, మాకు పాప వచ్చి రెండేండ్లయింది, దత్తతలు చూసే సర్కారు సంస్థ కారా, దాని పోర్టల్‌ల పెట్టుకుంటే మూడేండ్ల నాలుగు నెలలు పట్టింది. తమ్ముడు చెప్పింది నిజమే, ఆగుడు మస్తు కష్టం, మధ్యల రెండు బతుకమ్మ పండుగలకు నేను బయటికే పోలే. ఇగ మీ వయసు సంగతి, రెండేండ్ల లోపు పిల్లలకైతే మొగుడు పెండ్లాల వయసు కలిపి 85 దాటొద్దు, మీది 77, రంది పెట్టుకోకు. ఆధార్, పాన్, పెండ్లి సర్టిఫికెట్, ఆదాయం, డాక్టర్ రాసిచ్చిన ఆరోగ్యం కాయితం, ఇవన్ని రిజిస్టర్ చేసినంక 30 రోజుల లోపల ఎక్కించాలె. తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొస్తది. పిల్లను చూపిస్తున్నమని కబురొచ్చినంక 48 గంటల్లనే అవునో కాదో చెప్పాలె, ఆ రెండు రోజులు మా ఇంట్ల పొయ్యి వెలగలే. ఇంతకుముందు దత్తతకు కోర్టు ఆర్డర్ కావాల్సి ఉండె, 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఆర్డర్ కలెక్టరే ఇస్తున్నరు. ఫీజు ఎంతో పోర్టల్‌లనే రాసి ఉంటది, రసీదు ఇస్తరు, ఎవ్వరి చేతుల పైసలు పెట్టే పని లేదు.

ఒక్క ముచ్చట చెప్పాలె. శిశుగృహల మా పాపకు పద్నాలుగు నెలలు, ఆయమ్మ కొంగు వదుల్తలేదు, మేం ఎత్తుకుంటే గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఆయమ్మే పాప పడుకునే పాత టవల్ మడతపెట్టి నా సంచిల పెట్టి, ఉతకకమ్మా, కొన్నిరోజులు ఈ వాసన ఉండాలె అన్నది. మొదటి రాత్రి మూడు గంటల దాక మేల్కొనే ఉన్నది, లైటు తీస్తే ఏడుపు, ఆ టవల్ బుగ్గ కింద పెట్టినంకనే కండ్లు మూసింది. మేం నెల దాక ఉతకలే.

నల్గొండ_కౌన్సెలర్:
నేను పిల్లలతోటి, దత్తత తీస్కున్న కుటుంబాలతోటి, చిన్న వయసుల తల్లులైన ఆడపిల్లలతోటి పనిచేసే స్వచ్ఛంద సంస్థల తొమ్మిదేండ్లు చేసిన. తమ్ముడూ, మీ చిన్నాయనోళ్లకు ఏం కాలే అంటే అది వాళ్ల అదృష్టం. 2024 మే నెలల హైదరాబాద్ పక్కన మేడిపల్లి కేసు యాదికి తెచ్చుకోండ్రి, ఢిల్లీ, పుణె నుంచి పసిపిల్లల్ని తెచ్చి అమ్మిన ముఠా దొరికితే, కొనుక్కున్నోళ్ల ఒళ్లోకెళ్లి పిల్లల్ని తీస్కపోయిన్రు, ఆ తల్లులు రోడ్డు మీద ఎట్ల ఏడ్చిన్రో టీవీల అందరం చూసినం. జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేండ్ల దాక జైలు, లక్ష జరిమానా. దొంగ బర్త్ సర్టిఫికెట్ మళ్ల వేరే కేసు. మన దేవరకొండ, చందంపేట తండాలకు ఇది కొత్త కాదు, 1999ల, మళ్ల 2001ల దత్తత పేరుమీద ఆడపిల్లల్ని కొన్న దందాలు బయటపడ్డయి. గ్రామ్య అని రుక్మిణీరావు మేడం పెట్టిన సంస్థ ఆ దిక్కు ఏండ్ల తరబడి ఆడపిల్లల కోసమే పనిచేస్తున్నది.

అక్కా, మీ గుబులు కరెక్టే. ఆ అమ్మాయికి పదహారేండ్లంటే అది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కిందికి వస్తది, సంగతి తెలిసిన దవాఖానోళ్లు పోలీసులకు చెప్పాలె, చెప్పకుంటే వాళ్ల మీదనే కేసు. ఆమెకు కాన్పు మంచిగ కావాలె, ఒక్కతినే కూసోబెట్టి నీకేం కావాలె బిడ్డా అని అడిగే మనిషి కావాలె. ఆడోళ్లకు సాయం చేసే సఖి సెంటర్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఎవ్వరన్న ఫోన్ చేయొచ్చు. నిజంగనే పెంచలేనంటే బాలల సంక్షేమ సమితి ముందట రాసియ్యొచ్చు, తోడు పెద్దోళ్లు సాక్షి ఉంటరు, పేరు బయటికి రాదు. రాసిచ్చినంక కూడ 60 రోజుల టైము ఉంటది, మనసు మారితే వచ్చి బిడ్డను తీస్కపోవచ్చు. ఆ గడువు దాటినంకనే ఆ బిడ్డ దత్తతకు వస్తది. నేను ఎంతమంది పిల్లలతోటి మాట్లాడిన్నో, కొందరు ఇచ్చిన్రు, కొందరు ఉంచుకున్నరు, అడగకముందే తేల్చేస్తే మాత్రం ఆ పిల్ల జీవితాంతం కుములుతది. ఉంచుకుంటనంటే కూడ దారులున్నయి, మిషన్ వాత్సల్య అనే సర్కారు పథకం కింద అర్హత చూసి బిడ్డకు నెలకు 4 వేల స్పాన్సర్‌షిప్ ఇస్తరు, తల్లికి ఓపెన్ స్కూల్‌ల పదో తరగతి.

కల్వకుర్తి_బిడ్డ:
ఇక్కడ ఎప్పుడు రాయలే, చదివి పోత. ఇయ్యాల రాయబుద్ధయింది. నేను ఆ అమ్మాయినే అక్కా. అంటే అదే కథ, అప్పుడు నాకు పదహారేండ్లు, పెండ్లి కాలే. మా అమ్మ తిట్టలే, మా నాయన మాట్లాడుడే బంద్ చేసిండు, మేనత్త ఎవరితోనో మాట్లాడి బిడ్డను ఇచ్చేద్దం అన్నది, నన్నెవ్వరు ఏం అడగలే. దవాఖానల ఒక సిస్టరమ్మ ఒక స్వచ్ఛంద సంస్థల పనిచేసే అక్కకు చెప్పింది, ఆమె వచ్చి మా అమ్మను బయటికి పంపి తలుపు దగ్గరికేసి, నువ్వేం అనుకుంటున్నవ్ అని అడిగింది. నాకు మాట రాలే, ఏడ్చిన అంతే. సమితి ముందట సంతకం పెట్టి బాబును ఇచ్చేసిన, పెంచుడు నాతోటి కాదనుకున్న. ఇంటికొచ్చినంక పాలు ఆగలే, జాకెట్ తడిసిపోతుండె, మా అమ్మ తమలపాకులు కాపి కట్టేది. నలభై ఒకటో రోజు నేనే ఆ అక్కకు ఫోన్ చేసిన. పోయి తెచ్చుకున్న. వాడు నన్ను గుర్తుపట్టలే గాని చూపుడువేలు పెడితే గట్టిగ పట్టుకున్నడు. ఇప్పుడు నాలుగో తరగతి. నేను ఓపెన్ల పది, ఇంటర్ చేసి ఒక ల్యాబ్‌ల పనిచేస్తున్న. వాణ్ని ఇచ్చేసి ఉంటే మీలాంటి మంచోళ్ల ఇంట్ల పెరుగుతుండె, అది కూడ తప్పేం కాదు. మా సంస్థల నాతోటి ఉన్న ఒకామె ఇచ్చింది, ఆమె కూడ మంచిగనే ఉన్నది. నర్సమ్మ చేతుల పడితే మాత్రం నాకు ఆ నలభై ఒకటో రోజు లేకుండపోతుండె.

దేవరకొండ_అక్క:
చెల్లె నువ్వు రాసింది మా ఆయనకు చదివి వినిపిస్తుంటే మధ్యల నాకు గొంతు రాలే, ఆయనే ఫోన్ తీస్కొని మిగిలింది చదివిండు. నిన్న నర్సమ్మకు వద్దని చెప్పినం. మీరు కాకుంటే ఇంకొకలు, లైన్ల ఉన్నరు అన్నది. ఆ మాట విన్నంక ఊకుండబుద్ధి కాలే, 1098కి చేసి ఆ దవాఖాన పేరు, నాకు తెలిసినంత చెప్పిన. నా పేరు చెప్పాల్నా అని అడిగితే ఇష్టం లేకుంటే వద్దమ్మా అన్నరు. ఆ అమ్మాయి దగ్గరికి ఎవరన్న పోయిన్రో లేదో అని మనసంత అక్కడనే ఉన్నది. ఇయ్యాల పోర్టల్‌ల రిజిస్టర్ చేసినం, పెండ్లి సర్టిఫికెట్ లేదు, రేపు దానికోసం పోతున్నం. పాలమూరు అక్కా, సోషల్ వర్కర్ వచ్చిననాడు మా అత్తమ్మ ఉండాల్నా? ఆమె ఇంకా అలిగే ఉన్నది.

పాలమూరు_అమ్మ:
ఉండాలె, ఆమెతోటి కూడ మాట్లాడ్తరు. మా అత్తమ్మను పక్క అర్రల కూసోబెట్టి, పాప నల్లగుంటే ఎత్తుకుంటవా, ఏ కులమో తెల్వకుంటే నీ పళ్లెంల తినిపిస్తవా అని సూటిగ అడిగింది. మా అత్తమ్మ చానసేపు ఏం మాట్లాడలేదంట. ఇప్పుడు రోజు పొద్దున పాపకు ఆమే తినిపిస్తది, నన్ను దగ్గరికి రానియ్యది. నీ కాయితాలు ఎక్కడన్న ఆగితే ఇక్కడనే రాయి చెల్లె, రాత్రి పాప పడుకున్నంక చూస్త.