అప్‌డేట్: డాలస్ చలికి మాడిన మా స్టార్ జాస్మిన్ చిగురించింది

మా కంచె మీది ఆరేళ్ల స్టార్ జాస్మిన్ మంచు తుపానును తట్టుకుంటుందా, దాన్ని ఎలా కాపాడుకోవాలి అని 2021 ఫిబ్రవరిలో మిమ్మల్ని అడిగాను. ఇప్పుడు మే నెల. తీగ బతికిందండి!

అది సుమారు మైనస్ 12 డిగ్రీల వరకే ఓర్చుకుంటుందని మీరు హెచ్చరించారు. ఫిబ్రవరి 16న ఇక్కడ మైనస్ 19కి పడిపోయింది. మీరు చెప్పినట్టే గడ్డకట్టే చలి రాకముందే తీగ మొదలు దగ్గర నిండుగా నీళ్లు పోసి, పైన ఎండుటాకులు మందంగా పరిచాను. నేలలోని వెచ్చదనం బయటికి పోకుండా పాత దుప్పట్లు నేలదాకా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. లోపల వేలాడదీసిన బల్బుల దండ మాత్రం కరెంటు పోవడంతో ఆరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వారంలో ఆకులన్నీ గోధుమరంగుకు తిరిగాయి. పీకేయమని చాలామంది అన్నారు. గోటితో బెరడు గీకి చూడమన్న మీ సలహానే దాన్ని కాపాడింది. పైతీగల్లో లోపలంతా ఎండిపోయింది, మోకాలెత్తు కింద మాత్రం పచ్చగా ఉంది. కత్తెర ముట్టకుండా ఏప్రిల్ దాకా ఆగాను. కణుపుల్లో చిగుళ్లు కనిపించాకే ఎండిన భాగం తీసేశాను. పచ్చి కాడ తెగిన చోట తెల్లగా పాలు కారాయి. పేరులో జాస్మిన్ ఉన్నా ఇది గన్నేరు కుటుంబానిదే కదా!

పూలు ఎక్కువగా నిరుటి తీగల మీదే పూస్తాయి కనుక ఈ వసంతంలో ఒక్కటీ లేదు. ఆ వాసన కోసం ఏడాదంతా ఎదురుచూసే అమ్మకు అదే బెంగ. కుండీలోని గుండుమల్లెను ముందే ఇంట్లోకి తెచ్చాను, అది క్షేమం.